నార్మన్ క్వార్టర్‌బ్యాక్‌లు: ఎవరు ముందు, ఎవరు వెనక?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే ఊరి గురించి. అది నెల్లూరు జిల్లాలోదీ కాదు, ప్రకాశం జిల్లాలోదీ కాదు, అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న నార్మన్. అక్కడి ఓక్లహోమా యూనివర్సిటీలో పిల్లల్ని చదివిస్తున్న ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలివి. మా అన్న కూతురు 2015లో అక్కడే ఎంఎస్‌లో చేరింది. అప్పటి నుంచి నేనూ ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ మ్యాచ్‌లు వదలకుండా చూస్తున్నా, పాతవి వెతుక్కుని మరీ చూశా. అందుకే ఈసారి పేజీ అంతా దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా అబ్బాయి నార్మన్‌లో చదువుతున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే చదువు గురించి రెండు ముక్కలు, ఫుట్‌బాల్ గురించి అరగంట. రూమ్‌లో నలుగురూ తెలుగు పిల్లలే. ఇన్నేళ్లలో తమ కాలేజీకి ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లలో ఎవరు గొప్ప అని రోజూ తగువు పడతారంట. "నువ్వేమంటావమ్మా" అని నన్నడుగుతాడు. నాకు ఆ మాటకి అర్థమే తెలియదు. వాడితో మాట్లాడటానికి నాకూ ఒక పేరు కావాలి, ఆ పేరే ఎందుకో కూడా కావాలి.
— ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, పేరొక్కటే అడక్కుండా ఎందుకో కూడా అడిగారు చూడండి, అందుకే మీ ఉత్తరం ముందు పెట్టాను.

మొదట ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనుకునే కాలి బంతాట కాదిది. బంతి కోడిగుడ్డులా కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, లేకపోతే విసురుతారు. మైదానంలో జట్టుకి ఒకసారికి 11 మంది, ఎటాక్‌కి వేరే, డిఫెన్స్‌కి వేరే. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, పోలేకపోతే బంతి అవతలివాళ్లకి. అలా జరుపుకుంటూ వెళ్లి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. మీ వీధి చివర సాయంత్రం పిల్లలు వాలీబాల్ ఆడుతుంటే లిఫ్టింగ్ చేసేవాణ్ణి చూసే ఉంటారు. బంతి వాడి చేతుల మీదుగానే పోవాలి, ఎవరికి లేపాలో రెప్పపాటులో వాడే తేల్చుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ పని కూడా అదే, కాకపోతే ఇక్కడ ఆ తేల్చుకునే రెండు మూడు సెకన్లలో వంద కిలోలు దాటిన మనుషులు నలుగురైదుగురు వాడిని పడగొట్టడానికి మీదకొస్తుంటారు.

ఇంక పేరు. నా లెక్కలో మొదటివాడు బేకర్ మేఫీల్డ్, ఇది నేను ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను.

మేఫీల్డ్‌ది టెక్సాస్‌లోని ఆస్టిన్. 2013లో టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండా చేరాడు. ఇలాంటి ఆటగాణ్ణి వాకాన్ అంటారు. ఫీజు ఇంట్లోవాళ్లే కట్టుకోవాలి, టీమ్‌లో చోటు ఎవరూ హామీ ఇవ్వరు, వచ్చి ప్రాక్టీస్‌లో నిలబడి చూపించుకోవాలి. లోన్ పెట్టి పిల్లల్ని పంపిన మనకి ఆ ఫీజు బరువేంటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. అక్కడ మొదటి సీజన్ మొదటి మ్యాచ్‌కే క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. సీజన్ అయిపోయాక ఎవరూ పిలవకపోయినా ఓక్లహోమాకి వచ్చేశాడు, మళ్లీ వాకాన్‌గానే. కాలేజీ మారినందుకు 2014 అంతా మ్యాచ్ ఆడకుండా కూర్చోవాల్సి వచ్చింది, పైగా ఒక ఏడాది ఆడే హక్కు కూడా పోయింది. అప్పటికి టీమ్‌లో ఉన్నదెవరో తెలుసా, 2014 జనవరిలో షుగర్ బౌల్‌లో, అంటే సీజన్ చివర ఆడే పెద్ద బౌల్ మ్యాచ్‌ల్లో ఒకదాంట్లో, అలబామా అంతటి జట్టుని 45–31తో ఓడించిన ట్రెవర్ నైట్. ఆ నైట్‌ని దాటి 2015లో చోటు సంపాదించుకున్నాడు.

ఆ తర్వాత మూడు సీజన్లలో మూడుసార్లూ బిగ్ 12 చాంపియన్‌షిప్ ఓక్లహోమాదే, బిగ్ 12 అంటే అప్పట్లో ఓక్లహోమా ఆడిన కాలేజీల లీగ్. మేఫీల్డ్ మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లలో 33 గెలుపులు, 6 ఓటములు. 2017లో 4,627 గజాలు విసిరాడు, 43 టచ్‌డౌన్ పాస్‌లు, అవతలివాళ్లు అడ్డొచ్చి పట్టేసినవి ఆరంటే ఆరే. ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీ ఇచ్చారు, అంటే దేశం మొత్తం కాలేజీ ఆటగాళ్లలో ఆ ఏటి మేటికి ఇచ్చేది. వాకాన్‌గా మొదలుపెట్టి ఆ ట్రోఫీ అందుకున్న తొలి ఆటగాడు ఇతనే. ఇంకో సంగతి, పోయిన ఆ ఒక్క ఏడాది హక్కు 2016లో నిబంధన మార్చబట్టి తిరిగొచ్చింది. అది రాకపోతే 2017 సీజనే లేదు, ఆ ట్రోఫీ లేదు.

మీ అబ్బాయి రూమ్‌లో ఎవరో ఒకరు "నేషనల్ చాంపియన్‌షిప్ గెలవలేదుగా" అంటారు. అంటే ఇలా చెప్పండి. 2018 జనవరి 1న రోజ్ బౌల్ సెమీఫైనల్, మనకి 2వ తేదీ తెల్లవారుజాము, నేను స్వెటర్ వేసుకుని టీవీ ముందే కూర్చున్నా. ఓక్లహోమా 48 పాయింట్లు కొట్టింది, జార్జియా రెండో ఎక్స్‌ట్రా పీరియడ్‌లో 54కి చేరి గెలిచింది. 48 కొట్టిన జట్టు ఓడితే ఆ తప్పు బంతి విసిరేవాడిది ఎలా అవుతుంది, అడ్డుకోవాల్సిన పదకొండు మంది వేరే ఉన్నారు కదా. ఆ రోజు నేను మధ్యాహ్నం దాకా అన్నం తినలేదు.

రెండో పేరు స్టీవ్ డేవిస్. ఆయన గురించి కింద ఒంగోలు అన్నకి రాశాను, చదవండి.

మూడో పేరు జాష్ హైపల్, ఈయన గురించి మాత్రం మీకే చెప్పాలి. ఎందుకంటే ఈయన లేకపోతే మీ అబ్బాయి చూసే ఓక్లహోమా ఇప్పుడున్నట్టు ఉండేది కాదు. 1996 నుంచి 98 దాకా మూడేళ్లలో ఆ జట్టు గెలిచింది 12 మ్యాచ్‌లు, ఓడింది 22. ఎంతో పేరున్న జట్టు, అంత కిందికి పడిపోయింది. 1999లో బాబ్ స్టూప్స్ కోచ్‌గా వచ్చాడు, బంతి ఎక్కువగా విసిరే ఆట నేర్పడానికి మైక్ లీచ్‌ని తెచ్చుకున్నాడు, ఆ ఆట ఆడటానికి ఊటా రాష్ట్రంలో ఒక చిన్న జూనియర్ కాలేజీలో ఉన్న ఎడమచేతి వాటం కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. అతనే హైపల్, పుట్టింది సౌత్ డకోటాలో. చెయ్యి అంత బలమైనదేం కాదు, విసిరితే బంతి ఈల వేసుకుంటూ పోయే రకం కాదు. కానీ ఎవరు ఎక్కడ ఖాళీగా ఉంటాడో ముందే తెలిసినట్టు ఆడేవాడు. 2000 అక్టోబర్‌లో వరసగా టెక్సాస్‌ని 63–14తో, కాన్సస్ స్టేట్‌ని 41–31తో, అప్పటికి మొదటి ర్యాంకులో ఉన్న నెబ్రాస్కాని 31–14తో కొట్టారు. ఆ సీజన్‌లో 13కి 13 గెలిచి, ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్‌ని 13–2తో ఓడించి నేషనల్ చాంపియన్లయ్యారు. హైస్మన్‌లో మాత్రం హైపల్‌ది రెండో స్థానం, మొదటి స్థానం ఆ ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ క్రిస్ వైంకీకి వెళ్లింది. ట్రోఫీ అతనికి, ఫైనల్ ఇతనికి. నాకైతే ఇతనిదే బాగుంది.

మీకు ఒక్క పేరే గుర్తుంచుకోవాలంటే మేఫీల్డ్ అనండి. మీ అబ్బాయి "మరి హైపల్?" అంటే అప్పుడు 12–22 లెక్క చెప్పండి, వాడు ఆశ్చర్యపోతాడు.

ప్రశ్న: మా అల్లుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్‌లో లెక్కలన్నీ చూపిస్తాడు. ఇప్పటి కుర్రాళ్లు ఒక్క సీజన్‌లో నాలుగు వేల గజాలు విసురుతున్నారు, పాతకాలం వాళ్లకి మొత్తం మీద కూడా అంత లేదు. అలాంటప్పుడు పాతవాళ్లని ఈ వరసలో పెట్టడం ఎందుకు? పెట్టినా ఏ కొలతతో పెడతారు?
— ఒక రైతు, ఒంగోలు దగ్గర పల్లె

జవాబు: అన్నా, ఈ ప్రశ్నకి జవాబు మీకే బాగా తెలుసు. సంక్రాంతికో తిరునాళ్లకో మీ వైపు బండలాగుడు పోటీలు పెడతారు కదా. రెండు పళ్ల జతని సీనియర్స్ విభాగం జతతో కలిపి ఎవరైనా లాగిస్తారా? వాటి బండ వేరు, వీటి బండ వేరు. రెండు పళ్ల ఎడ్లు లాగిన అడుగులు ఎన్నో చూసి, అంతకన్నా బరువు బండ లాగిన ఎడ్ల అడుగులు తక్కువని వాటిని తీసిపారేస్తే ఊళ్లో ఎవరూ ఊరుకోరు. ముందు బండ ఎంతో అడుగుతారు, తర్వాతే అడుగులెన్నో. నా కొలత కూడా అదే. ఆ కుర్రాడి మెడ మీద పెట్టిన బండ ఎంత, దాన్ని ఎంత దూరం లాగాడు.

1970లో ఓక్లహోమా ఆట పూర్తిగా మారిపోయింది. విష్‌బోన్ అనే పద్ధతి సీజన్ మధ్యలో మొదలుపెట్టారు. కోడి కూర తినేటప్పుడు రొమ్ము దగ్గర రెండు కొమ్మల ఎముక ఒకటి వస్తుంది, దాని పేరే ఇది, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ వెనక ముగ్గురు ఆ ఎముక ఆకారంలో నిలబడతారు. బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెడుతూ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటివాడి కడుపులో పెట్టి వదలాలా, తనే పట్టుకుని దూసుకుపోవాలా, చివరి క్షణంలో పక్కనున్నవాడికి విసరాలా. ఎదురుగా వచ్చే మనిషి అడుగు ఎటు పడిందో చూసి అక్కడికక్కడే తేల్చుకోవాలి. బంతి దూరంగా విసిరే పని చాలా తక్కువ. కాబట్టి ఇలా ఆడినవాడిని "ఎన్ని గజాలు విసిరావు" అని అడగడం, దుక్కి ఎద్దుని పాలెన్ని ఇస్తావని అడిగినట్టే.

ఈ పద్ధతిని మొదట మోసింది జాక్ మిల్డ్రన్. బారీ స్విట్జర్ అప్పటికి ఇంకా హెడ్ కోచ్ కాలేదు, ఎటాక్ నేర్పే కోచ్. 1971లో ఆ జట్టు మ్యాచ్‌కి సగటున 472.4 గజాలు పరుగు మీదే సాధించింది, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ రికార్డుని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. మిల్డ్రన్ ఒక్కడే వెయ్యి గజాలకి పైగా పరిగెత్తాడు. ఆ ఏడాది నవంబర్ 25న నెబ్రాస్కాతో జరిగిన మ్యాచ్‌ని శతాబ్దపు మ్యాచ్ అంటారు, 35–31తో ఓడిపోయారు. ఓడినా అందులో మిల్డ్రన్ ఆట చూడాలి, వీలైతే మీ అల్లుడితో పాత వీడియో పెట్టించుకోండి. తర్వాత రోజుల్లో ఆయన ఓక్లహోమా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా చేశాడు.

స్టీవ్ డేవిస్ సంగతికొస్తున్నా. సాలిసా అనే చిన్న ఊరివాడు, చర్చిలో ప్రసంగాలు చేసే కుర్రాడు. 1973లో ఆయనకన్నా ముందు వరసలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ హైస్కూల్ మార్కుల రికార్డు దిద్దిన వ్యవహారంలో అనర్హుడయ్యాడు, దానికి జట్టు మీద శిక్ష కూడా పడింది. అలాంటి సమయంలో డేవిస్ చేతికి బంతి వచ్చింది. 1974లో ఓక్లహోమా మ్యాచ్‌లు టీవీలో చూపించకూడదు, సీజన్ చివర బౌల్ మ్యాచ్ ఆడకూడదు. చూసేవాళ్లు లేరు, చివర్లో పండగ లేదు, అయినా 11కి 11 గెలిచారు. పత్రికలవాళ్ల ఓటింగ్‌లో చాంపియన్లు వాళ్లే. కోచ్‌ల ఓటింగ్‌లో మాత్రం శిక్షలో ఉన్న జట్టుకి చోటే లేదు. 1975 సీజన్ చివర ఆరెంజ్ బౌల్‌లో మిషిగన్‌ని 14–6తో ఓడించి మళ్లీ చాంపియన్లు. మూడేళ్లలో డేవిస్ లెక్క 32 గెలుపులు, ఒక ఓటమి, ఒక డ్రా. అందులో వరసగా 28 గెలుపులు. ఆ ఒక్క ఓటమి కాన్సస్ చేతిలో.

డేవిస్ మూడేళ్లలో విసిరిన గజాలన్నీ కలిపినా ఇప్పటివాళ్ల ఒక్క సీజన్‌కి సరిపోవు, మీ అల్లుడు చెప్పింది నిజమే. అయినా రెండో స్థానం ఆయనదే. జట్టులో గొప్పవాళ్లు చాలామంది ఉన్నారు, నిజం. కానీ విష్‌బోన్‌లో క్వార్టర్‌బ్యాక్ ఒక్క అడుగు తప్పు చదివితే బంతి నేలపాలు, ఆ గొప్పవాళ్లెవరూ అక్కరకి రారు. మూడేళ్ల పాటు ఆ తప్పుల్ని అంత తక్కువకి దించినవాడిని మూడో స్థానానికి నెట్టడం నా వల్ల కాదు. 2013లో విమాన ప్రమాదంలో చనిపోయాడాయన.

ఇదే పద్ధతిలో ఇంకొకడు జమెల్ హాలీవే. 1985లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఎయిక్‌మన్ కాలు విరగడంతో మొదటి సంవత్సరం కుర్రాడు, అప్పుడే హైస్కూల్ దాటినవాడు, దిగాడు. ఆ సీజన్ చాంపియన్‌షిప్‌తో ముగిసింది, పెన్ స్టేట్‌ని 25–10తో ఓడించారు. మొదటి ఏడాదిలోనే నేషనల్ చాంపియన్‌షిప్ దాకా నడిపించిన తొలి క్వార్టర్‌బ్యాక్ ఇతనే. తర్వాత మోకాలు దెబ్బతింది. నా వరసలో హాలీవే ఏడు, మిల్డ్రన్ ఎనిమిది. మిల్డ్రన్‌ని ఇంత కింద పెట్టినందుకు మనసొప్పడం లేదు, కానీ చాంపియన్‌షిప్ ఉన్నవాణ్ణి కాదనలేను.

ఇంకా వెనక్కి వెళ్తే 1950లలో జిమ్మీ హారిస్ ఉన్నాడు, మొదటి నుంచి ఆడిన 25 మ్యాచ్‌లూ గెలిచాడు. బడ్ విల్కిన్సన్ కోచ్‌గా వరసగా 47 మ్యాచ్‌లు గెలిచిన రోజులవి. అప్పటి నిబంధనల్లో ఎటాక్ ఆడిన ఆటగాడే డిఫెన్స్ కూడా ఆడాలి. అది ఇంకో విభాగం అన్నా, ఆయన్ని వీళ్లతో కలిపి నంబర్ వెయ్యను.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నా, కబడ్డీ ఆడతాను. పోయిన ఏడాది మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. మళ్లీ ఆడగలనా అని టెన్షన్. మా అన్నయ్య నార్మన్‌లో ఉన్నాడు, "జేసన్ వైట్ గురించి చదువు" అన్నాడు. ఎవరాయన? మీ వరసలో ఎక్కడుంటాడు?
— ఒక అమ్మాయి, గూడూరు

జవాబు: తల్లీ, మీ అన్నయ్య మంచి పేరు చెప్పాడు. జేసన్ వైట్ ఓక్లహోమాలోనే టటల్ అనే చిన్న ఊరివాడు, నార్మన్‌కి దగ్గరే. 2001లో ఒక మోకాలి లిగమెంట్ తెగింది, నీకు తెగినలాంటిదే. ఆపరేషన్, ఏడాదంతా కసరత్తు, తిరిగొచ్చాడు. 2002లో రెండో మ్యాచ్‌లో ఇంకో మోకాలు. మళ్లీ ఆపరేషన్, మళ్లీ మొదటి నుంచి నడక నేర్చుకోవడం. 2003లో వచ్చేసరికి ముందులా పరిగెత్తలేడు. అందుకని కోచ్‌లు అతన్ని సెంటర్‌కి, అంటే బంతి వెనక్కి అందించేవాడికి, నాలుగైదు గజాలు వెనకే నిలబెట్టి బంతి అందించారు, పరిగెత్తే పని తగ్గించి చూసి విసిరే పని పెంచారు. ఆ ఏడాది 3,846 గజాలు, 40 టచ్‌డౌన్ పాస్‌లు, హైస్మన్ ట్రోఫీ. ఇది చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

చివరి మ్యాచ్‌లు మాత్రం కలిసి రాలేదు. ఆ సీజన్ ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 21–14తో ఓడారు, మరుసటి ఏడాది ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా చేతిలో 55–19తో. తర్వాత ప్రొఫెషనల్ జట్లు ఏవీ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేటప్పుడు, తీసుకోలేదు, ఒక జట్టు పిలిచి చూసినా మోకాళ్లు సహకరించక మానేశాడు. వరసలో ఆరో స్థానం ఇచ్చాను. ఆ రెండు ఫైనల్స్‌లో ఒక్కటి గెలిచినా పైకి ఎక్కించేవాణ్ణి.

నీ మోకాలి గురించి నేను చెప్పకూడదు, నీ డాక్టరూ ఫిజియో చెప్పాలి. వాళ్లు ఆడొచ్చు అనే దాకా కోర్టులోకి దిగొద్దు, తోటివాళ్లు ఎంత బలవంతం చేసినా సరే. ఈలోగా కూర్చుని రైడర్ కాళ్లు చూడు, వైట్ కూడా ఆ రెండేళ్లూ చూసి నేర్చుకున్న ఆటే 2003లో ఆడాడు.

ప్రశ్న: లెక్కల ప్రకారం చూస్తే కైలర్ మర్రీ, శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఇద్దరూ మేఫీల్డ్ కన్నా తక్కువేం కాదు. వాళ్లని ఎక్కడ పెడతారు? జేలెన్ హర్ట్స్ సంగతేంటి?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, నెల్లూరు

జవాబు: తక్కువ కాదు బాబూ, కొన్ని లెక్కల్లో ఎక్కువే. బ్రాడ్‌ఫర్డ్ 2008లో 4,720 గజాలు, 50 టచ్‌డౌన్ పాస్‌లు. ఆ జట్టు సీజన్ మొత్తంలో 716 పాయింట్లు కొట్టింది, వరసగా ఐదు మ్యాచ్‌లలో 60 దాటింది. చూస్తుంటే అవతలివాళ్ల మీద జాలేసేది. ఫైనల్లో ఫ్లోరిడా మీద అదే జట్టు 14 దగ్గర ఆగిపోయింది, 24–14. హైస్మన్ అతనికే వచ్చింది. 2009లో భుజం దెబ్బతిని ఆఖరి సీజన్ చేజారింది. చెరోకీ తెగకి చెందిన కుర్రాడు కావడంతో అక్కడి మూలవాసుల ఇళ్లల్లో అతని మీద ప్రేమ ఎక్కువ. నాలుగో స్థానం.

మర్రీది ఐదు. 2018లో 4,361 గజాలు విసిరాడు, 1,001 గజాలు పరిగెత్తాడు, హైస్మన్ గెలిచాడు. ఆ ఏడాదే బేస్‌బాల్‌లో ఓక్లాండ్ జట్టు 9వ పేరుగా ఎంచుకుంది, మరుసటి ఏడాది ఫుట్‌బాల్‌లో అరిజోనా మొదటి పేరుగా ఎంచుకుంది. ఒక్క సీజన్‌నే తూచితే మర్రీదే అన్నిటికన్నా బరువైనది, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఓక్లహోమాలో మొదటి నుంచి ఆడింది దాదాపు ఆ ఒక్క సీజనే. బ్రాడ్‌ఫర్డ్ రెండు బిగ్ 12 చాంపియన్‌షిప్‌లు తెచ్చాడు, మేఫీల్డ్ మూడు. మనం అడిగేది కాలేజీ చరిత్రలో ఎవరు అని కాబట్టి ఉన్నన్నాళ్లూ లెక్కలోకి రావాలి.

హర్ట్స్ కూడా అంతే, అలబామా నుంచి వచ్చి 2019 ఒక్క ఏడాదే ఆడాడు. బేలర్ మీద 28–3తో వెనకబడి 34–31తో గెలిచిన మ్యాచ్ నేను మర్చిపోను. హైస్మన్‌లో రెండో స్థానం, ఈ ఎనిమిది మంది తర్వాత పేరు అతనిదే రాస్తాను. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో మేటి ఆటగాడయ్యాడు, అది ప్రొఫెషనల్ లెక్క, దీంట్లో కలపను. గజాలు మాత్రమే లెక్కేస్తే ల్యాండ్రీ జోన్స్‌ది 16,646, ఆ కాలేజీ చరిత్రలో అందరికన్నా ఎక్కువ. కేలబ్ విలియమ్స్ ఒక్క ఏడాది ఆడి వెళ్లిపోయాడు, హైస్మన్ గెలిచింది వేరే కాలేజీకి.

ప్రశ్న: నేను పీఈటీని. మేఫీల్డ్ మైదానంలో చేసిన పిచ్చి చేష్టల వీడియో మా పిల్లలు చూపించారు. అలాంటివాణ్ణి మొదటి స్థానంలో పెట్టి పిల్లలకి ఆదర్శంగా చూపించొచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: మాస్టారూ, చూపించాల్సింది అంతా చూపించండి. 2017లో ఒహాయో స్టేట్‌ని వాళ్ల ఊళ్లోనే 31–16తో ఓడించి, వాళ్ల మైదానం మధ్యలో తన జెండా గుచ్చే ప్రయత్నం చేశాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది కాన్సస్ మ్యాచ్‌లో అవతలి జట్టు వైపు చూసి అసభ్యంగా సైగ చేశాడు. జెండా సంగతి నాకు అంత తప్పుగా అనిపించలేదు, ఇరవై రెండేళ్ల కుర్రాడి ఉత్సాహం. సైగ మాత్రం తప్పే, సమర్థించను. కళ్లనీళ్లు పెట్టుకుని క్షమాపణ చెప్పాడు, అయినా కోచ్ లింకన్ రైలీ ఊరుకోలేదు. సొంత మైదానంలో అతని ఆఖరి మ్యాచ్‌కి కెప్టెన్సీ తీసేశాడు, మొదట్లో ఆడనివ్వలేదు. ఆ మ్యాచ్ మొదలుపెట్టింది మర్రీ. మీ పిల్లలకి ఆ వీడియోతో పాటు ఇది కూడా చెప్పండి. అంత పెద్ద ఆటగాడైనా బెంచీ మీద కూర్చోబెట్టారని తెలిస్తే రేపు మీరు ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టినప్పుడు వాడికి అర్థమవుతుంది. నేను ఆటకి స్థానం ఇచ్చాను, నడవడికకి మార్కులు వేసేది మీరు.

ప్రశ్న: మా మనవడితో కలిసి ఒక్క మ్యాచ్ చూడాలని ఉంది. ఏది చూడాలి, మనకి ఎన్నింటికి వస్తుంది?
— ఒక తాతగారు, సింగరాయకొండ

జవాబు: ఒక్కటే అంటే టెక్సాస్‌తో అక్టోబర్‌లో జరిగేది చూడండి తాతగారూ. అది నార్మన్‌లో కాదు, డాలస్‌లో కాటన్ బౌల్ స్టేడియంలో, పక్కనే రాష్ట్ర తిరునాళ్లు జరుగుతుండగా ఆడతారు. స్టేడియం సరిగ్గా మధ్యకి చీలినట్టు సగం ఒకరి రంగు, సగం ఇంకొకరి రంగు. ఆ రోజుల్లో వాళ్ల గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక. అక్కడ శనివారం ఉదయం 11కి మొదలైతే మనకి రాత్రి 9.30, మధ్యాహ్నం 2.30కి అయితే మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. ఏ టైమో ఆ వారం మనవణ్ణి అడిగి తెలుసుకోండి. మొదటి అరగంట అర్థం కాకపోయినా బంతి వెంట పడకండి, క్వార్టర్‌బ్యాక్ తల ఎటు తిరుగుతుందో చూస్తూ ఉండండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని మనవడు అక్కడ, మీరు ఇక్కడ చూడండి. అక్కడి ప్రసారం మీకన్నా కాస్త ముందుంటే వాడి కేక ముందు వినిపిస్తుంది, టచ్‌డౌన్ తర్వాత కనిపిస్తుంది.